'సెల్ఫ్ అయిపోయింది' అన్న చిలక పిల్ల ఇంటికి రాగానే ఎందుకు ఏడుస్తుంది?

పక్షులమ్మే షాపుల్లో ఒక మాట తెగ వాడతారు, "సెల్ఫ్ అయిపోయింది" అని. ఇక సిరంజితోనో స్పూన్‌తోనో మేత పట్టక్కర్లేదు, గిన్నెలో గింజలు పోస్తే తనే తినేస్తుంది అని దానర్థం. నేను కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న విదేశీ చిలక) పిల్లని కొన్నప్పుడు కూడా "ఫుల్ సెల్ఫ్ సార్, ఏం టెన్షన్ లేదు" అన్నారు. చిల్లులు పొడిచిన అట్టపెట్టెని ఒళ్లో పెట్టుకుని పాతబస్తీ నుంచి మల్కాజిగిరి దాకా ఆటోలో తెచ్చాను. దారంతా లోపల్నుంచి చప్పుడే లేదు, ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. పంజరంలోకి వదిలిన పది నిమిషాలకి మొదలైంది. తల పైకీ కిందకీ ఊపుతూ, రెక్కలు కాస్త విడదీసి వణికిస్తూ, నూనె పెట్టని కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఒకటే కిర్రు కిర్రు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి "ఆకలికి ఏడుస్తున్నదిరా అది, కనిపిస్తలేదా" అంది. "గిన్నె నిండా గింజలున్నయి కదమ్మా, ఇంక ఆకలెందుకు" అన్నాను. ఇద్దరం సగం సగం కరెక్టే, కానీ ఏ సగం ఎవరిదో తేలడానికి నాలుగు రోజులు పట్టింది.

షాపువాళ్లు పచ్చి అబద్ధం చెప్పి అంటగట్టారని అప్పట్లో తిట్టుకున్నాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. చిలక పిల్ల చేతి మేత మానడం అనేది ఫలానా తారీఖున జరిగిపోయే పని కాదు. చిలకల్లో రకాన్నిబట్టి ఇది మారుతుంది, కాకటీల్ అయితే మామూలుగా 7 నుంచి 10 వారాల మధ్య, బడ్జీ అయితే 6 నుంచి 8, సన్ కన్యూర్‌కి 10 నుంచి 12, ఆఫ్రికన్ గ్రేకి 12 నుంచి 16 వారాలు అని ఉజ్జాయింపుగా చెప్తారు, ఒకే గూట్లో పుట్టిన పిల్లల మధ్యే వారం పది రోజుల తేడా వస్తుంది. పైగా ఆ పిల్ల తనంతట తాను తింటున్నది తన తోబుట్టువుల మధ్య, తనకి తెలిసిన గిన్నెలో, తెలిసిన గింజల్ని, తెలిసిన గొంతులు వింటూ. వాటన్నిటినీ ఒక్క మధ్యాహ్నంలో తీసేస్తే రెండు మూడు అడుగులు వెనక్కి వేస్తుంది, మళ్లీ "పెట్టు, పెట్టు" అని అడుక్కోవడం మొదలుపెడుతుంది. కొత్తగా హాస్టల్లో వేసిన పిల్లాడు ఇంట్లో బాగానే తినేవాడు, ఇక్కడ ముద్ద ముట్టట్లేదు అంటారు చూడండి, అదే కథ.

పక్షుల వైపు నుంచి చూస్తే ఇందులో వింతేం లేదు. కాకటీళ్ల సొంతూరు ఆస్ట్రేలియా. అక్కడ పిల్లలు నాలుగైదు వారాలకి గూడు వదిలి ఎగిరిపోతాయి గానీ ఆ తర్వాత కూడా తల్లీతండ్రీ వాటి వెనకాలే తిరుగుతూ కొన్ని వారాలపాటు నోట్లో మేత పెడుతూనే ఉంటాయి. ఎగరడం వచ్చినంత మాత్రాన తినడం పూర్తిగా వచ్చేసినట్టు కాదన్నమాట. మన దగ్గర షాపుల్లో మాత్రం గింజని ముక్కుతో పొడిస్తే చాలు, సెల్ఫ్ అయిపోయినట్టే లెక్క.

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. పొడవడం వేరు, తినడం వేరు. చిలక గింజని మన కోడిలా గుటుక్కున మింగదు. ముక్కులో పట్టుకుని, నాలుకతో తిప్పి, అంచు దగ్గర చిట్లించి, పొట్టు పక్కకి తోసేసి లోపలి పప్పు మాత్రమే తింటుంది. పెద్ద చిలక చేస్తుంటే రెప్పపాటు పని. పిల్లకి మాత్రం అదొక విద్య. పది గింజలు నోట్లోకి తీసుకుంటే ఎనిమిది జారిపడతాయి, ఒకటి నలిగిపోతుంది, ఒక్కటి లోపలికి వెళ్తుంది. దూరం నుంచి చూసేవాళ్లకి గంటసేపు గిన్నె దగ్గరే ఉంది కాబట్టి కడుపు నిండే ఉంటుంది అనిపిస్తుంది.

దీనికి తోడు ఇంకో మోసం. ఆ పొట్టు మళ్లీ గిన్నెలోనే పడుతుంది. రెండో రోజు పొద్దున చూస్తే గిన్నె నిండుగా ఉంది, అయ్యో ఏం తినలేదే అనుకుని, అనుమానమొచ్చి మెల్లగా ఊదాను. సగం గిన్నె గాల్లోకి లేచి నా మొహాన పడింది, అంతా ఊకే. అంటే తింటోంది! సంతోషంగా అమ్మకి చూపిస్తే "మరి అడుగున ఉన్నవి ఏంది" అని అడిగింది. అడుగున ఉన్నవన్నీ పొద్దుతిరుగుడు గింజలు, ఒక్కటి కూడా చిట్లలేదు. అలా తేలిందేమిటంటే చిన్న గింజలు కాస్త తింటోంది, పెద్దవి పగలగొట్టే బలం ఇంకా రాలేదు, నేను పోసిన దాంట్లో సగానికి పైగా ఆ పెద్దవే. కాబట్టి గిన్నె నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా దాన్ని నమ్మకండి. ఊకతో నిండిన గిన్నె ముందు చిలక పస్తులుండటం పక్షులు పెంచేవాళ్లకి తెలిసిన విషాదమే.

మరి దేన్ని నమ్మాలి? త్రాసుని. వంటింట్లో వాడే డిజిటల్ వెయింగ్ మెషీన్, ఒక్క గ్రాము తేడా కూడా చూపించేది, పంజరం కంటే ముందు కొనాల్సిన వస్తువు అదే అని నా అభిప్రాయం. రోజూ పొద్దున లేవగానే, రాత్రి నుంచి పేరుకున్న మొదటి పెద్ద రెట్ట వేశాక, ఇంకా ఏమీ తినకముందు తూచాలి. నా పిల్ల మొదటి పొద్దున 82 గ్రాములు. మర్నాడు 79. మూడో రోజు 75. ఎగరడం నేర్చుకునే వయసులో పిల్లలు సహజంగానే కాస్త బరువు తగ్గుతాయి, ఒంట్లో ఉన్న పసితనపు కొవ్వు కరిగి తేలికవుతాయి, రెండు మూడు గ్రాములకి కంగారు అక్కర్లేదు. ఉన్న బరువులో పదోవంతు దాకా పోయిందంటే మాత్రం ఆగకూడదు. 82లో పదోవంతు అంటే 8 గ్రాములు, నేను 7 దగ్గర ఉన్నాను. అమ్మ చెప్పిన సగం కరెక్ట్ అని ఆ పొద్దున ఒప్పుకున్నాను.

త్రాసు లేనివాళ్లు రొమ్ము ఎముకని వేలితో తడిమి చూడొచ్చు. ఛాతీ మధ్యలో నిలువుగా ఒక గట్టి అంచు తగులుతుంది, దానికి రెండు వైపులా కండ గుండ్రంగా ఉంటే బాగుంది, కత్తి అంచులా ఎముక పైకి పొడుచుకొచ్చి పక్కలు లోతుగా ఉంటే చిక్కిపోయింది. అలాగే మెడ కింద, ఛాతీ పైభాగాన మేత నిలవుండే సంచి, క్రాప్ అంటారు. సాయంత్రం పడుకునే ముందు అక్కడ మెత్తగా, గింజలు నింపిన చిన్న సంచిలా తగలాలి, పొద్దున్నకి ఖాళీ అయిపోవాలి. రాత్రి నిండి పొద్దున్నకి కూడా అలాగే ఉంటే అది తిండి సమస్య కాదు, అరగని సమస్య, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఇప్పుడు తినిపించే సంగతి. ముందుగా, షాపులో ఏం తినేదో అవే గింజలు కనీసం రెండు వారాలకి సరిపడా అక్కడే అడిగి తెచ్చుకోండి. "ఇంటికొచ్చాక హెల్తీ డైట్ మొదలుపెడదాం" అనే ఉత్సాహం మొదటి వారం వద్దు, ఇల్లు మారింది చాలు. గిన్నె కూడా అదే రకమైతే ఇంకా మంచిది. నా పిల్లకి షాపులో ఏదో ప్లాస్టిక్ మూతలో పోసేవాళ్లు, నేను తళతళలాడే స్టీలు గిన్నె పంజరానికి పైన తగిలించాను, దానికి అది తిండి గిన్నె అని తెలియదు, పైగా అందులో కనపడే ఇంకో చిలకని చూసి జడుసుకునేది. కింద తెల్ల కాగితం పరిచి గింజలు చల్లేసరికి దిగొచ్చి ఏరుకోవడం మొదలుపెట్టింది. పిల్లలు నేల మీద వెతుక్కుంటూ తినడం సహజం, కాగితం రోజుకి రెండుసార్లు మారిస్తే సరి. నీళ్లు కూడా లోతు లేని గిన్నెలో కిందనే పెట్టాలి. ఇన్నాళ్లూ ఫార్ములాలోనే (పొడిని నీళ్లలో కలిపి పట్టే మేత) నీళ్లు తాగిన పిల్లకి నీళ్ల గిన్నె అంటే ఏంటో తెలియకపోవచ్చు, అందులో ఒక కొత్తిమీర రెమ్మ వేస్తే దాన్ని పీకబోయి ముక్కు తడుపుకుని అలా నేర్చుకుంటుంది.

పెట్ షాపుల్లో స్ప్రే మిల్లెట్ అని ప్యాకెట్లో అమ్మేది ఏదో విదేశీ వస్తువు అనుకునేవాణ్ని. అది కొర్ర కంకి. మన కొర్రలే, కంకితో సహా ఎండబెట్టినవి. పొట్టు పలచన, గింజ చిన్నది, కంకి వేలాడుతుంటే పిల్లకి ఆటగానూ ఉంటుంది, అందుకే కొత్తగా తినడం నేర్చుకునే చిలకకి దీన్ని మించింది లేదు. ఊళ్లో ఎవరైనా కొర్రలు పండిస్తే మందు కొట్టని కంకులు ఒక సంచీ తెప్పించుకోండి. రెండో నమ్మకమైన తిండి ఉడికించిన మొక్కజొన్న, గోరువెచ్చగా. వెచ్చగా మెత్తగా ఉండేసరికి నోట్లో పెట్టిన మేత గుర్తొస్తుందేమో, నా పిల్ల మొదటిసారి కడుపునిండా తిన్నది దాన్నే. మొలకెత్తిన పెసలు, సన్నగా తురిమిన క్యారెట్, మునగాకు, కొత్తిమీర నెమ్మదిగా ఒక్కొక్కటి. మెత్తటి తిండి ఏదైనా మన ఎండలకి రెండు గంటలకి మించి పంజరంలో ఉంచొద్దు, పులిసిపోతుంది.

పచ్చిమిరపకాయ పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. నిక్షేపంగా. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ని పసిగట్టే వ్యవస్థ మనకీ, ఎలుకలకీ ఉన్నట్టు పక్షులకి లేదు, వాటికది ఉత్త కాయ, ఎ విటమిన్ బోనస్. ఉత్త గింజల మీద బతికే చిలకలకి ఎ విటమిన్, కాల్షియం రెండూ తక్కువవుతాయి, కాబట్టి కాల్షియం కోసం ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు, పెట్ షాపువాళ్లు కటిల్ బోన్ అనేదే, ఒక ముక్క కట్టండి. ఇవ్వకూడనివి మాత్రం గుర్తుంచుకోవాలి. అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన ఏదైనా, ఆపిల్ గింజలు. ఇక పక్కింటి ఆంటీ ప్రేమగా చెప్పే పాలన్నం, పాలలో ముంచిన బ్రెడ్డూ బిస్కెట్టూ. చిలక క్షీరదం కాదు, పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి దానికి లేదు. ఆంటీకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ఆవిడ వినలేదు, చివరికి నా చాటున పెట్టబోతే చిలకే ముట్టలేదు.

అన్నిటికంటే పనిచేసిన చిట్కా మాత్రం తిండిలో లేదు. చిలకలు గుంపుగా తింటాయి, ఒకటి తినడం మొదలుపెడితే మిగతావీ దిగుతాయి. ఒంటరిగా మూల గదిలో పెట్టిన పిల్లకి తినాలని గుర్తు చేసేవాళ్లు లేరు. మేం భోజనాలకి కూర్చున్నప్పుడు పంజరం పక్కన పెట్టుకుని, నేను వేలితో గింజల్ని టకటకా కొడుతూ పైకెత్తి తిన్నట్టు నటించేవాణ్ని. నాన్న నవ్వారు. నవ్వితే నవ్వారు, మూడో రోజు అది నా వేలి పక్కకొచ్చి అదే చోట పొడవడం మొదలుపెట్టింది.

ఇదంతా చేసినా బరువు పడిపోతుంటే? అప్పుడు కొన్నాళ్లు మళ్లీ ఫార్ములా పట్టాలి, ఇందులో ఓటమి ఏమీ లేదు. "ఒకసారి మాన్పించాక మళ్లీ అలవాటు చేస్తే జన్మలో మానదు" అని భయపెడతారు, అది తప్పు. ఆకలితో మాడ్చి మాన్పించిన పిల్లే పెద్దయ్యాక కూడా భయస్తురాలై అరుస్తుంటుంది, కడుపు నిండిన పిల్ల ఒకరోజు స్పూన్ చూసి మొహం తిప్పుకుంటుంది. అయితే అలవాటు లేనివాళ్లు సిరంజి జోలికి పోవద్దు. దీనికి కారణం చాలామందికి తెలియదు. పసి పిల్ల మేత అందుకునేటప్పుడు తలని గబగబా పంపు కొట్టినట్టు ఊపుతూ మింగుతుంది, ఆ ఊపులో గాలిగొట్టం మూసుకుని ఉంటుంది. మేత మానే వయసుకి వచ్చేసరికి ఆ ఊపు తగ్గిపోతుంది. అప్పుడు సిరంజితో బలవంతంగా నొక్కితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గంటల్లో ప్రాణం తీసే పని. అంటే పెద్ద పిల్ల కదా, సులువు అనుకుంటాం గానీ సిరంజి ప్రమాదం దానికే ఎక్కువ. అంచులు లోపలికి వంచిన స్పూన్‌తో ముక్కు దగ్గర పెట్టండి, అదే అందుకుంటే ఆకలి ఉన్నట్టు, అందుకోకపోతే లేనట్టు. కాకటీల్‌కి రాత్రి పడుకునే ముందు ఒక్కసారి, నాలుగైదు ఎం.ఎల్. చాలు. వేడి 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి, వేలితో కాదు, థర్మామీటర్‌తో చూడాలి. 43 దాటితే క్రాప్ కాలిపోతుంది, మరీ చల్లారితే అరగకుండా నిలవుండిపోతుంది. మైక్రోవేవ్‌లో వేడి చేయొద్దు, పైన చల్లగా ఉండి మధ్యలో ఒకచోట మరుగుతుంటుంది. ఎప్పుడూ స్పూన్ పట్టనివాళ్లయితే మొదటిసారి డాక్టర్ ఎదుటో, పెంచినవాళ్ల ఎదుటో చేసి చూసుకోండి.

నేను నాలుగు రాత్రులు అలా పట్టాను. ఐదో రాత్రి ఒక చుక్క నాకి తల విదిలించింది, ఫార్ములా అంతా నా కళ్లద్దాల మీద.

మరి నా సగం ఏది కరెక్ట్ అయింది? ప్రతి ఏడుపూ ఆకలి కాదన్నది. బరువు నిలబడ్డాక కూడా, క్రాప్ నిండుగా ఉన్నప్పుడు కూడా నన్ను చూడగానే ఆ కుట్టుమిషన్ మొదలెట్టేది. అది అలవాటు, బెంగ, "ఎక్కడికి పోతున్నావ్" అన్న పిలుపు. దానికి మందు తిండి కాదు, పక్కన కూర్చోవడం. త్రాసు లేకపోతే ఈ రెండు ఏడుపులకీ తేడా ఎవరూ చెప్పలేరు, శబ్దం ఒకటే.

పక్కన కూర్చోవడం అన్నానా, ఇక్కడ రెండు పరస్పర విరుద్ధమైన సలహాలు తిరుగుతుంటాయి. మూడు రోజులు అసలు ముట్టుకోవద్దు, గుడ్డ కప్పి వదిలేయండి అనేది ఒకటి. మొదటి రోజు నుంచే చేతిలోనే ఉంచుకోండి, లేకపోతే మచ్చిక పోతుంది అనేది రెండోది. రెండూ నిజమే, వేరు వేరు పిల్లల విషయంలో. తల్లి దగ్గరే పెరిగిన పిల్లకి మనిషి చెయ్యంటే గద్దతో సమానం, దాన్ని కొన్నాళ్లు దూరం నుంచే అలవాటు చేయాలి. మనుషుల చేతి మీద పెరిగిన పిల్లకి మనిషే గుంపు, దాన్ని మూడు రోజులు ఒంటరిగా వదిలేస్తే అది విశ్రాంతి కాదు, శిక్ష. షాపులో ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగి, దాన్నిబట్టి నడుచుకోండి. ఇంకోటి, మొదటి నెల సెలవు పెట్టి రోజంతా భుజం మీద మోసి, తర్వాత ఆఫీసుకి పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి తొమ్మిదికి రావడం మొదలెడితే చిలక అరవక ఏం చేస్తుంది. మీరు ఏడాది పొడుగునా ఎంతసేపు ఇవ్వగలరో అంతే మొదటి వారం నుంచీ ఇవ్వండి.

నిద్ర పది నుంచి పన్నెండు గంటలు కావాలి, మన ఇళ్లలో టీవీ పదకొండుకి గానీ ఆగదు. పంజరాన్ని హాల్లోంచి వేరే గదికి మార్చడమో, పలచటి నూలు గుడ్డ మూడు వైపులా కప్పడమో చేయాలి. నాలుగో వైపు తెరిచి, జీరో బల్బు వెలగనివ్వండి. కాకటీళ్లకి ఒక జబ్బుంది, చిమ్మచీకట్లో ఏదైనా చప్పుడైతే బెదిరి పంజరంలో గుడ్డిగా కొట్టుకుంటాయి, పొద్దున్నకి రెక్కల ఈకలు విరిగి రక్తం. వినాయక నిమజ్జనం డీజేలు, దీపావళి బాంబులు ఉన్న ఊళ్లో ఉన్నాం, ఆ రాత్రులు మీరు కూడా అదే గదిలో పడుకోవడం మంచిది.

ఇంట్లో దాన్ని చంపగలిగే వస్తువులు రెండు ఎప్పుడూ మన కళ్లముందే ఉంటాయి. ఒకటి సీలింగ్ ఫ్యాన్. చిలక బయట ఉందంటే ఫ్యాన్ ఆఫ్, ఇందులో "స్లోగా తిరుగుతోంది కదా" లాంటి మాటల్లేవు. మేము స్విచ్ మీద టేపు అంటించాం. రెండోది నాన్‌స్టిక్ పెనం. దోసె పెనం పొయ్యి మీద మర్చిపోయి మరీ వేడెక్కితే టెఫ్లాన్ పూత నుంచి వచ్చే పొగ మనకి వాసన కూడా తెలియకముందే పక్కగదిలోని పక్షిని చంపేస్తుంది. పక్షుల ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుగా ప్రవహిస్తుంది, పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కూడా కొత్త గాలే తగులుతుంటుంది, ఎగరడానికి అంత ఆక్సిజన్ కావాలి మరి. గాలిలో విషం ఉంటే అది కూడా అంతే సమర్థంగా ఎక్కుతుంది. అందుకే అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం, దోమల చుట్ట, రూమ్ స్ప్రే ఇవన్నీ పక్షి ఉన్న గదికి దూరం. అమ్మ పూజ దగ్గర కాస్త గొడవైంది. ఇప్పుడు దీపం మాత్రమే, ధూపం బాల్కనీలో. బాల్కనీ అంటే గుర్తొచ్చింది, పావురాలు వాలే బాల్కనీలో పంజరం పెట్టకండి, వాటి రెట్టలతో రోగాలు వస్తాయి. ఎండ మాత్రం కాసేపు తగలాలి, అద్దంలోంచి వచ్చే ఎండలో డి విటమిన్‌కి పనికొచ్చే కిరణాలు ఆగిపోతాయి కాబట్టి కిటికీ తెరిచి, వల కొట్టించి, పొద్దుటి ఎండలో పావుగంట. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటినప్పుడు నోరు తెరిచి రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతుంటే వేడి తట్టుకోలేకపోతోందని అర్థం, వెంటనే చల్లటి గదిలోకి మార్చి, స్ప్రేతో తేలికగా నీళ్లు చల్లండి.

రెక్కల ఈకలు కత్తిరించి ఇస్తామంటారు షాపుల్లో, ఫ్రీ సర్వీసు లాగా. ఎగరడం ఇంకా పూర్తిగా రాని పిల్లకి వద్దనండి. నాలుగు రోజులు గోడలకి గుద్దుకుంటుంది, కర్టెన్ పట్టుకుని వేలాడుతుంది, కానీ ఆ ఎగరడంలోనే ఛాతీ కండ గట్టిపడుతుంది, ధైర్యం వస్తుంది. రెక్కలు మొత్తం కత్తిరించిన పిల్ల కర్ర మీంచి రాయిలా పడి రొమ్ము దగ్గర చర్మం చీల్చుకుంటుంది. పంజరంలో కర్రలు కూడా మొదట కిందనే పెట్టి, జామ కొమ్మో వేప కొమ్మో కడిగి ఆరబెట్టి, లావు సన్నం తేడాగా ఉండేలా కట్టాలి.

ఒక ముఖ్యమైన సంగతి ముందే చెప్పాల్సింది. నేను చెప్తున్నదంతా కాకటీల్, బడ్జీ, కన్యూర్ లాంటి విదేశీ చిలకల గురించి. మన రామచిలుక పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా, ఎవరు అమ్మజూపినా తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ నేరమే. పొరుగున ఆంధ్రప్రదేశ్‌కి అది రాష్ట్ర పక్షి కూడా. చిలక జోస్యం చెప్పేవాళ్ల పంజరాలు చూస్తూ పెరిగాం కాబట్టి మామూలే అనిపిస్తుంది గానీ, ఆ పిల్లల్ని చెట్టు తొర్రల్లోంచి లాగి తెస్తారు. విదేశీ చిలకల్లోనూ సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటివి సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం (ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసేది) జాబితాలో ఉన్నాయి. చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. కాకటీల్, బడ్జీ ఆ జాబితాలో లేవు.

చివరగా రెట్ట. సిగ్గుపడకుండా రోజూ చూడండి. మధ్యలో ఆకుపచ్చదో గోధుమరంగుదో చుట్ట, దాని మీద సున్నంలా తెల్లది, చుట్టూ కాస్త నీళ్లు, ఇలా మూడు భాగాలు ఉంటే బాగుంది. కొత్త ఇంట్లో మొదటి రోజు భయానికి పలచగా వేస్తుంది, ఫర్వాలేదు. తెల్లది పసుపుగానో ఆకుపచ్చగానో మారినా, రక్తం కనిపించినా, పిల్ల ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున మూల కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతున్నా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. చిలకలు జబ్బుని చివరిదాకా దాచిపెడతాయి, బయటపడిందంటే అప్పటికే ముదిరినట్టు. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ పక్షుల్ని చూడరు, పిల్లని తెచ్చుకోకముందే మీ ఏరియాలో ఎవరు చూస్తారో ఫోన్ చేసి కనుక్కుని నంబర్ రాసిపెట్టుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, ఎటూ తోచనప్పుడు అక్కడ అడగొచ్చు. ఇంట్లో వేరే పక్షులుంటే కొత్తదాన్ని 30 నుంచి 45 రోజులు విడిగా వేరే గదిలో ఉంచండి, ముందు పాతవాటికి మేత పెట్టి తర్వాత కొత్తదాని దగ్గరికి వెళ్లండి, చేతులు కడుక్కోండి. చిలకల నుంచి మనుషులకి వచ్చే సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉంది. పంజరం పొడిగా ఊడ్చి దుమ్ము లేపకుండా తడిపి తుడవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు వస్తే డాక్టర్‌కి చిలక ఉందని తప్పకుండా చెప్పండి.

నా పిల్ల పన్నెండో రోజుకి మళ్లీ 82కి వచ్చింది, నెల తిరిగేసరికి 88. ఇప్పుడు పొద్దున నేను వెయింగ్ మెషీన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినగానే ఎగిరొచ్చి దాని మీద వాలుతుంది. ఒక కొర్ర కంకి ముక్క చేతికిచ్చేదాకా దిగదు, కంకితో సహా తూగితే నాలుగు గ్రాములు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ముందు అంకె రాసుకోవాలి.